ఒకటా రెండా గారు

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక చీకటి గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము తగిలించి, అందులో అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇది బాగుందా? ఒకటా, రెండా?" అని పొద్దస్తమానం అడుగుతాడు కాబట్టి జనం 'ఒకటా రెండా గారు' అని పేరు ఖాయం చేసేశారు. ఎదురుగా అలా పిలవరు లెండి. అయినా ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ ఎవర్నీ ఏమీ అనడు. అనే రకమే అయితే మనం ఇప్పుడాయన గురించి చెప్పుకునే పనే ఉండేది కాదు.

ఆ గదికి కిటికీ లేదు. ఒక కుర్చీ, ఒక స్టూలు, ఎదురుగోడకు వెలిగే అక్షరాల పెట్టె, గుమ్మానికి నల్ల తెర. లేచి నిలబడితే మోచెయ్యి ఏదో ఒక గోడకు తగలాల్సిందే. దుకాణం ఆయన భార్య అన్నగారిది. పెళ్ళైన కొత్తలో ఆ బావగారు పిలిచి, "కౌంటర్లో కూర్చుంటావా, వెనకాల పరీక్ష నేర్చుకుంటావా?" అని అడిగాడు. ఈయన బాగా ఆలోచించి "వెనకాలే" అన్నాడు. తన జీవితం తనే నిర్ణయించుకున్నానని ఆ రోజంతా మురిసిపోయాడు కూడా! అసలు ఈ దుకాణంలోకే రావాలా అన్న ప్రశ్న ఆయన బుర్రకు తట్టనే లేదు. ఎలా తడుతుంది? "చదువుతావా, తన్నులు తింటావా?" అని అడిగే తండ్రి చేతిలో పెరిగిన మనిషాయె.

కాపురం దుకాణం పైనే. అదీ బావగారి ఇల్లే. మెట్లు దిగితే పని, ఎక్కితే సంసారం. కింద బావగారి దగ్గు వినిపిస్తే పైన మాటలు వాటంతటవే తగ్గిపోతాయి.

ఇలా ఉండగా కూతురి కాలేజీ చదువు పూర్తయింది. బావగారు కబురంపి, "ఏమోయ్ బావా, అమ్మాయిని కౌంటర్లో కూర్చోబెడదామా, నీలాగా కళ్ళ పరీక్ష కోర్సు చేయిద్దామా? దాని ఇష్టం, నేనేం బలవంతపెట్టను. ఆదివారంలోగా కనుక్కుని చెప్పు" అన్నాడు. మంచి మాటే కదా అనుకున్నాడు ఈయన. పైకి వెళ్ళి, బట్టలు మడత పెడుతున్న కూతుర్ని అడిగాడు.

"కౌంటరా, కోర్సా అమ్మా?"

"ఏదైనా సరే నాన్నా."

"అట్లా కాదు, ఏదో ఒకటి చెప్పు."

"సరే, కోర్సు."

హమ్మయ్య, తేలిపోయిందనుకున్నాడు. పిల్ల తలెత్తి చూడలేదన్న సంగతి గమనించనే లేదు.

మర్నాడు, పాత బట్టలకు మరమ్మతులు చేసే ముసలావిడ కొత్త కళ్ళజోడు చేత్తో పట్టుకుని వచ్చింది. అది పెట్టుకుంటే కుట్టు అలుక్కుపోతోందట, తల పగిలిపోతోందట. ఆయనకు చిరాకేసింది.

"ఆ రోజు రెండోది బాగుందన్నారు కదమ్మా? అడిగినప్పుడల్లా రెండు, రెండు అన్నారు!"

"నువ్వు ఒకటా రెండా అన్నావు నాయనా. నాకు రెండూ బాగోలేదు. పాపం ఇంత ఓపిగ్గా అడుగుతున్నాడు, ఏదో ఒకటి చెప్పకపోతే ఏం బాగుంటుందని రెండన్నాను."

ఆయన ఆ కళ్ళజోడు అందుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎంతమంది ఇలా మొహమాటానికి జవాబు చెప్పి, తలనొప్పి కొనుక్కుని పోయారో! స్టూలు ముందుకు జరుపుకుని, "మీరు ఎట్లా కూర్చుని కుడతారు?" అని అడిగాడు. ఆవిడ బట్టని ఒళ్ళోకి తీసుకుని, తలని దాదాపు ఒళ్ళోకే వంచి చూపించింది. ఆ రోజు ఆయన చేతికందే దూరంలో అక్షరాల కార్డు పట్టి పరీక్ష చేశాడు. ఆవిడ పనేమో అందులో సగం దూరంలో! ఆ దూరానికి అద్దం మార్చి పెడితే ఆవిడ సూదిలో దారం ఎక్కించేసింది. జవాబు తనకు ముందే తెలియని ప్రశ్న అడగడం ఎంత బాగుంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది. సంతోషం వేసింది. వెనకే సిగ్గూ వేసింది. ఆ సిగ్గులోంచే కూతురి గొంతు వినపడింది. 'సరే, కోర్సు.' అదీ ఇలాంటి మొహమాటపు జవాబే.

పిల్లని మళ్ళీ అడగాలన్న మాట భార్య చెవిన వేస్తే ఆవిడ హడలిపోయింది. "అన్నయ్య అంత మంచిగా అడిగితే ఇంకా మెలికలేంటండీ? ఆయన మాట కాదంటే మనం పిల్లని వేసుకుని ఎక్కడికి పోతాం?" నిజమే మరి, ఎక్కడికి పోతారు? అయినా ఆదివారం పొద్దున, భార్య స్నానానికి వెళ్ళిన సమయం చూసుకుని, కూతురి పక్కన కూర్చున్నాడు.

"కౌంటరూ వద్దు, కోర్సూ వద్దు, పక్కన పెట్టు. నీకు ఏం చేయాలనుంది?"

పిల్ల అనుమానంగా చూసింది. "మామయ్య అడగమన్నాడా?"

"లేదమ్మా. నాకు తెలీక అడుగుతున్నాను."

ఆ అమ్మాయి గోళ్ళు చూసుకుంటూ అంది. "నాకూ తెలీదు నాన్నా. కనుక్కోవాలి. ఆ గదిలోకి మాత్రం పోను. నిన్ను చూస్తే భయమేస్తుంది."

"నేనేమన్నా అంటానా తల్లీ?"

"అందుకు కాదు. నీలాగా అయిపోతానేమోనని."

ఆ మాట కత్తిలా దిగింది. అబద్ధమైతే కోప్పడి ఊరుకునేవాడే.

సాయంత్రం దుకాణంలో బావగారు రేడియో తగ్గించి తలెత్తాడు.

"ఏం తేలింది? కౌంటరా, కోర్సా?"

"రెండూ కాదు బావగారూ."

"మరి?"

"దానికింకా తెలీదు. వెతుక్కోనిద్దాం."

ఆ మాట తిన్నగానే వచ్చింది. బావగారు అరవలేదు. అరిస్తే కొంత నయంగా ఉండేదేమో. నవ్వాడు.

"సరే, దాని గొడవ నాకొద్దు. మరి నీ సంగతేంటి? ఉంటావా, నువ్వూ వెతుక్కుంటావా?"

"ఉంటాను" అన్నాడు ఆయన వెంటనే. ఆలోచించకుండానే అనేశాడు. అలవాటు అంత బలమైనది. పైగా నెత్తి మీద ఉన్నది బావగారి ఇల్లు, అందులో ఉన్నది బావగారి చెల్లెలు. "రేపు తొందరగా రా, జనం ఎక్కువుంటారు" అని బావగారు మళ్ళీ రేడియో పెంచాడు.

మెట్ల మధ్యలో కూతురు కూర్చుని ఉంది. అంతా వింది కాబోలు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వెందుకు ఉంటానన్నావు నాన్నా?"

"ఉండక?"

"నీకు ఏం చేయాలనుండేది?"

ఈ ప్రశ్న ఆయన్ని తండ్రి అడగలేదు, బావగారు అడగలేదు, భార్యా అడగలేదు. తనను తానూ అడిగి చూసుకోలేదు. జవాబు కోసం నోరు తెరిచాడు. ఎంత వెతికినా లోపల ఏమీ దొరకలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తెలీదమ్మా" అన్నాడు.

"పర్లేదు, ఆలోచించుకో" అని ఆ పిల్ల పక్కకు జరిగి చోటిచ్చింది. ఆయన గోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.