సరుగుడాకు బేరం

టీవీలో నలుగురు పెద్దమనుషులు కూర్చుని, మన నేలలో దొరికే చమురూ గ్యాసూ పరాయి దేశాలకి అమ్మొచ్చా కూడదా అని గొంతులు చించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. అమ్మితే దేశానికి నాలుగు డబ్బులొస్తాయని ఒకాయన, అమ్మేస్తే రేపు మన పొయ్యిలోకి ఏం మిగులుతుందని ఇంకొకాయన. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరూ అరిచేవాళ్ళే. ఈ తగువు మా ఇంట్లో అరవైల చివర్లో, నేను కొత్తకోడలిగా ఉన్న ఏడాదే, ఒక్క పూట భోజనంతో తేలిపోయింది. అందుకే ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

నా పుట్టిల్లు కొత్తవలస పక్క పల్లె. అత్తవారిది శ్రీకాకుళం అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసక దిబ్బలు, ఆ దిబ్బల మీద మా మామగారి సరుగుడు తోట. కొండపక్క పుట్టిన దాన్ని కాబట్టి వంటచెరకు గురించి నేనెప్పుడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఇక్కడ అలా కాదు. గడ్డి పశువులకి, పేడ పొలానికి, తాటికమ్మ ఇంటి కప్పుకి పోతే, పొయ్యిలోకి మిగిలేది సరుగుడు చెట్టు రాల్చే సన్నటి ఆకు, ఎండు కాయలు, చిన్న పుల్లలు. ఊళ్ళో ఆడవాళ్ళు తోట కింద చీపుళ్ళతో ఊడ్చి గంపలకెత్తుకుపోయేవారు. ఆ ఆకు భగ్గున మండుతుంది, అంతలోనే ఆరిపోతుంది. పక్కనే కూర్చుని పిడికెడు పిడికెడు వేస్తూ ఉండాలి. ఆ పొయ్యి మీద అన్నం వండడం నేర్చుకునేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. తోట నరికితే దుంగలు తోటగలవాడివి, ఆకూ పుల్లా ఆడవాళ్ళవి. సరుగుడు మొక్క ఇసకలో ఊరికే బతకదు. వేళ్ళు లోతుకి దిగేదాకా వేసవిలో కుండలతో నీళ్ళు మొయ్యాలి. మా తోట నాటినప్పుడు దిబ్బ వెనక గుంట తవ్విస్తే, అక్కణ్ణించి కాళ్ళు బొబ్బలెక్కే ఇసకలో నీళ్ళు మోసింది ఊళ్ళో ఆడవాళ్ళే. కూలి పుచ్చుకోలేదు. చెట్లు పెరిగాక ఆకూ పుల్లా మీవి, నరికిన రోజున కూడా మీవేనని మా అత్తగారు ఆ గుంట దగ్గర నిలబడి వాళ్ళకి మాటిచ్చారు. ఆ మాటని నమ్ముకునే వాళ్ళు మోశారు.

నేను కాపురానికి వచ్చిన ఏడాది తోట నరకడానికొచ్చింది. విజయనగరంలో కట్టెల అడితి పెట్టుకున్న ఒక మనిషి, మామగారికి వరసకి అల్లుడే, వచ్చి చూశాడు. దుంగలకి బేరం కుదిరింది. లేచి వెళ్ళబోతూ, పట్నంలో ఇటుక బట్టీల వాళ్ళు ఆకు కూడా వదలడం లేదు, కింద రాలినదీ కొమ్మలూ కూడా నాకే ఇచ్చెయ్యి మావా అన్నాడట. మామగారు సరేనన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఎదుటివాడు నవ్వుతూ అడిగితే కాదనడం ఆయనకి చేతకాదు, అంతే.

ఇంటికొచ్చి సంబరంగా చెప్పారు. అత్తగారు బియ్యంలో రాళ్ళేరుతున్న చేట పక్కన పెట్టారు. ఆవిడ ఆయనకి మేనత్త కూతురు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలిచేవారు.

“ఆకు కూడానేటి బావా? ఆ ఆడోళ్ళకి నాను మాటిచ్చినాను.”

మామగారు జవాబుతో సిద్ధంగా ఉన్నారు. నా సంబంధం చూడ్డానికి వచ్చినప్పుడు ఆయన కొత్తవలసలో, కొత్తగా వేసిన లైను మీద ఇనప రాయి మోసుకుపోయే రైలు చూశారు. ఆ రాయి విశాఖపట్నం రేవులో ఓడలకెక్కి పరాయి దేశం పోతుందని ఎవరో చెప్పారు. అప్పట్నించీ ఆయన ఏ మాట ఎత్తినా ఆ రైలు దగ్గరికే వచ్చేవారు.

“దేశమే కొండలు తవ్వి ఓడలకెక్కించి అమ్మేత్తంది. నాను సరుగుడాకు అమ్మితే తప్పొచ్చిందా?”

“ఆ రాయి ఎవరింట్లోనైనా అన్నం ఉడికిస్తాదా?” అన్నారు అత్తగారు. “ఇది పొయ్యిలోది బావా. వానలొస్తన్నాయి.”

ఆయన తువ్వాలు దులుపుకుని బయటికెళ్ళిపోయారు. పొయ్యి మాట ఎత్తితే మా ఇంట్లో మగవాళ్ళందరూ చేసే పని అదే.

వానలొస్తున్నాయన్న మాట ఉత్తమాట కాదు. ముసురు పట్టేలోగా ప్రతి ఇంటివాళ్ళూ ఎండు ఆకు అటక నిండా కూరుకోవాలి. అది లేకపోతే తుఫాను రోజుల్లో పిల్లలు చద్దికూడుతో సరిపెట్టుకోవాలి, ఆ చద్ది కూడా ముందురోజు వండుకుంటేనే. బేరం సంగతి ఊరంతా తెలిసింది. ఎవరూ వచ్చి అడగలేదు. నూతి దగ్గర అత్తగారిని చూసి కడవ నింపుకుని పక్కకి తప్పుకునేవారు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది. ఆవిడ నీళ్ళకి వెళ్ళడం మానేసి నన్ను పంపడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తను ఇచ్చిన మాట ఇంకొకరు అమ్మేస్తే, తలవంపులు మాత్రం ఈవిడకా?

నరుకుడు మొదలైన రోజు కొన్నవాడికీ నరికేవాళ్ళకీ తోటగలవాళ్ళ ఇంట్లో భోజనం పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ ముందు రోజు పొయ్యి ముందు కూర్చుని నేనొక మాట అన్నాను. అత్తగారు విని, ఇంట్లో నిజంగా పుల్ల లేకుండా చేద్దాం, నాకు అబద్ధమాడే నోరు లేదన్నారు. పొద్దున్నే పెరట్లో ఉన్న పుల్లా పుడకా గంపలకెత్తి చుట్టుపక్కల ఇళ్ళకి పంచేశాం.

మధ్యాహ్నం అడితి ఆయన, నరికేవాళ్ళు కాళ్ళు కడుక్కుని అరుగు మీద విస్తళ్ళ ముందు కూర్చున్నారు. వీధిలో అప్పటికే కొన్ని పుల్లల మోపులు కట్టి బండికెక్కించి ఉన్నాయి. మామగారు లోపలికి చూసి వడ్డించమన్నారు. అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. వెనక నేను.

“అల్లుడా, బియ్యం కడిగుంచినాను. పప్పు నానేసినాను. సేపలు కోసి పసుపు రాసినాను. పొయ్యిలోకి మాత్రం పుల్ల లేదు. ఉన్నదంతా మీ మావ నీకే అమ్మేసినాడు. నీ బండిలోంచి ఒక మోపు ఇప్పించు, వండి పెడతాను.”

మామగారు ఖాళీ విస్తరిలోకి చూస్తూ ఉండిపోయారు. అరుగు కింద నలుగురైదుగురు ఆడవాళ్ళు గంపలతో నిలబడి ఉన్నారు. వాళ్ళని మేం పిలవలేదు. పొద్దున పుల్లలు పంచినప్పుడే పసిగట్టినట్టున్నారు.

అడితి ఆయన గడుసువాడు, వ్యాపారం తెలిసినవాడు. తనే లేచి బండి మీది మోపు విప్పి, భుజాన వేసుకుని మా వంటింటి గడపలో దింపాడు. చెయ్యి దులుపుకుని మామగారితో అన్నాడు.

“మావా, పొయ్యి ఎలగని ఊరికి నాను మళ్ళీ బండి తోలుకుని రాలేను. దుంగలు సాలు నాకు. ఆకూ పుల్లా వదిలేత్తన్నాను.”

దానికి తగ్గట్టు బేరం సరిచేసుకున్నారు. ఆ రోజు భోజనాలు బాగా పొద్దుపోయాక అయ్యాయి. చేపల పులుసు మాత్రం అద్భుతంగా కుదిరింది, వండింది నేనే. ఈ తెలివి ఎవరిదని మామగారు చెయ్యి కడుక్కుంటూ అడిగితే, వంటింట్లో పుట్టిందని అత్తగారు జవాబు చెప్పారు.

తోట అమ్మకూడదని మేం ఎప్పుడూ అనలేదు. ఆ మాట గట్టిగా చెప్పాలి. ఆ దుంగలు అమ్మబట్టే మా ఇంటికి పెంకులు పడ్డాయి. ఉంచుకుంటే వానకి పుచ్చిపోయేవి. అమ్మాలి, శుభ్రంగా అమ్మాలి. నీళ్ళు మోసినవాళ్ళ పొయ్యిలోకి చాలినంత పక్కన పెట్టాక అమ్మాలి. చమురైనా గ్యాసైనా నాకు ఇంతకంటే వేరే లెక్క కనబడదు.

మళ్ళీ మొక్కలు నాటాక, వేసవిలో నీళ్ళు మొయ్యడానికి ఆడవాళ్ళని పిలవడానికి మామగారే వెళ్ళారు. ఆకూ పుల్లా మీవేనని ఆయనే చెప్పారట. వాళ్ళు మర్యాదగానే విన్నారు. “నీ మాట మాకొద్దు బాబూ, అమ్మగోరిని వొచ్చి సెప్పమను” అన్నారు. ఆయన ఇంటికొచ్చి ఆ మాట దాచకుండా చెప్పారు. అది చెప్పడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలిసింది, ఆ రోజు ఆయన మీద గౌరవం పెరిగింది.

అత్తగారు నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని దిబ్బ వెనక గుంట దగ్గరికి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు ఖాళీ కుండలతో నిలబడి ఉన్నారు.

“మళ్ళీ ఈ తోట నరికే నాటికి వంటిల్లు దీనిది” అన్నారు ఆవిడ. “అందుకని మాట కూడా దీనిదే.”

అందరూ నావైపు చూశారు. నాకు భయం వెయ్యలేదు.

“ఆకూ పుల్లా మీవి” అన్నాను. “మీ పొయ్యిల్లోకి పోగా మిగిలిందే బండెక్కుతాది.”

అని, మొదటి కుండ ముంచి నేనే నెత్తికెత్తుకున్నాను.