రెండు ఎమ్మేలు, ఒక పొట్టి క్రాపు

సహోదరులారా, నాకు జుట్టు త్వరగా పెరగదు. కొందరికి పదిహేను రోజులకే చెవుల మీదికి దిగుతుంది, నాకు మాత్రం సెలవంతా గడిచి తిరుగు రైలెక్కే వేళకు కూడా మెడ మీదికి రాదు. మన తల వెంట్రుకలన్నీ దేవుని లెక్కలో ఉన్నాయని నమ్మేవాళ్లం మనం. నా విషయంలో ఆయన అంతగా శ్రమపడనక్కర్లేదు.

ఈ ఫిర్యాదుకు కారణం ఉంది. డిగ్రీ కాగానే నేను సైన్యంలో చేరాను. మా ఊరికి పర్ణశాల దారిలో బస్సు దిగి అడవిలోకి నడవాలి. రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో, అడవిలో తుపాకులతో తిరిగే అన్నలకు, సర్కారు తుపాకి పట్టినవాడొకడు సెలవు మీద వచ్చాడని తెలిస్తే, ఆ సెలవు ఇక ముగిసేది కాదు. అందుకని మా అమ్మ, నేను హైదరాబాదులో పెద్ద చదువు చదువుతున్నానని ఊరంతా చెప్పింది. నాన్నకూ అదే చెప్పింది.

"మీ నాయినకు తెలిస్తే సంబరపడతడు బిడ్డా. సంబరపడితే సంతల చెప్తడు," అన్నది.

ఆ మాటను నిజం చేసే భారం నా మీద పడింది. దూరవిద్యలో ఎమ్మే ప్రభుత్వ పాలనకు ఫీజు కట్టాను. మంచు కొండల మీద కాపలా దిగాక కిరోసిన్ పొయ్యి పక్కన కూర్చుని చేతితొడుగులతోనే పేజీలు తిప్పుతూ చదివాను, తోటివాళ్లు ప్రొఫెసరుగారూ అని గౌరవంగా పిలిచి ఉల్లిగడ్డలు కోయమనేవారు, సెలవు దొరికితే ఖమ్మంలో పరీక్షలు రాసి, పుస్తకాలు సంచిలో పైకి కనబడేలా సర్దుకుని ఇంటికి పోయేవాణ్ణి. మా సంఘం కూడా నమ్మింది. అక్కడ మా పోస్టు మీద గుండ్లు పడుతున్న వారమే ఇక్కడ పాస్టరుగారు, "ప్రభువా, మా తమ్మునికి రెండో పేపరు అల్కగ రానియ్యి, దిద్దేటోళ్ల మనసు మెత్తగ చెయ్యి," అని కన్నీళ్లతో ప్రార్థించారట. ఆ పేపరులో నాకు మంచి మార్కులే వచ్చాయి. అమ్మ మాత్రం పెదవులు కదపకుండా ప్రార్థించేదట. గుండ్లు పక్కకు పడ్డాయి. దేవునికే మహిమ.

ఒక సెలవులో, మధ్యాహ్నం పూట, అడవి బాటలో ముగ్గురు నన్ను ఆపారు. భుజాలకు తుపాకులున్నాయి.

"క్రాపేంది గట్లున్నది?"

"టైఫాయిడొచ్చిందన్నా."

సంచి విప్పారు. పుస్తకం ఒకాయన చేతికొచ్చింది. "సర్కారు చదువా? గీ సర్కారు ఎట్ల నడుస్తదో చెప్పు, ఇందాం."

లోపల నాకు ఒక్కటే ప్రార్థన: "తండ్రీ, నా మాట ఆగనియ్యకు." ఆగలేదు. అధికార వికేంద్రీకరణతో మొదలుపెట్టి, శాఖలు, ఉపశాఖలు, వాటి మీద పర్యవేక్షణ, ఆ పర్యవేక్షణ మీద పర్యవేక్షణ దాకా వచ్చేసరికి ఆయన ఆవలించాడు. పూర్వం దేవుడు తన భక్తుని కోసం సింహాల నోళ్లు మూశాడు. నా కోసం ఒక నోరు తెరిపించాడు.

"ఇగ ఆపు. గిది చదివితే నౌకరొస్తదా?"

"రాదన్నా." ఈ ఒక్క మాట మాత్రం మనస్ఫూర్తిగా చెప్పాను.

"పో మరి."

కవాతు అడుగు పడకుండా నడవడానికి ఎన్ని పాట్లు పడ్డానో దేవునికే తెలుసు.

చదువు ముగిస్తే దాక్కునే చోటు పోతుంది గనుక చరిత్రలో రెండో ఎమ్మే మొదలుపెట్టాను. ముప్పై దగ్గర పడుతున్నా చదువుతూనే ఉన్నవాణ్ణి పెళ్లిచూపులకు వచ్చిన ఆడపిల్లవాళ్లు టీ బాగుందని చెప్పి వెళ్లిపోయేవారు. బీడీల తునికాకు అమ్మే కల్లం దగ్గర నాన్నను, "మీవోడు ఇప్పుడు ఎన్నో క్లాసే?" అని అడిగి నవ్వేవారట. ఆయన కల్లానికి పోవడం తగ్గించాడు, తర్వాత నాతో మాట్లాడటం తగ్గించాడు.

ఇప్పుడు మేము భద్రాచలంలో ఉంటున్నాం. యూనిఫాంలో దిగిన నా ఫోటో గోడ మీద ఉంది. దాని పక్కనే నాన్న ఫోటో, దండతో. ఆ యూనిఫాం సంగతి తెలియకుండానే ఆయన పోయాడు. ప్రభువు నన్ను గుండ్ల నుండి తప్పించాడు, అడవి బాటలో తప్పించాడు. నాలోని చేదు నుండి ఇంకా విడిపిస్తూనే ఉన్నాడు, ఆ పని నిదానంగా సాగుతోంది, ఆయన విసుక్కోలేదు గనుక నేనూ విసుక్కోవడం లేదు. మీ ఇంట్లోనూ పైకి చెప్పుకోలేని భారం ఉంటే ఆయనకు చెప్పండి సహోదరులారా. ఆయన సంతలో చెప్పడు.

రెండో ఎమ్మే పట్టా వచ్చిన సెలవులో, దాన్ని తెచ్చి మంచం మీద ఉన్న నాన్న చేతిలో పెట్టాను. మంచుకు చర్మం ఊడిన వేళ్లు కనబడకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి నా నోటి వంకే చూస్తోంది. నాన్న పట్టాను అటూ ఇటూ తిప్పి, పక్కన పెట్టాడు.

"పుట్టి ఇన్నేండ్లైంది, ఒక్కనాడన్న ఒళ్లొంచి కష్టం చేసినవారా?"