అత్తమ్మ గాజుగిన్నెలో గీతలు

గద్వాల నుంచి వనపర్తికి కోడలిగా వచ్చినప్పుడు నా వెంట సారె తక్కువ, గొప్పలు ఎక్కువ. మా చిన్నమ్మ సంస్థానం బంగళాలో గాజుసామాను కడిగేది. పక్కన కూర్చుని తుడిచినదాన్ని నేను. అక్షరమ్ముక్క రాకున్నా గాజు చదవడం వచ్చని అత్తగారింట్లో అందరికీ చెప్పుకున్నాను.

పీర్ల పండుగ దగ్గరపడింది. షర్బతు కలపడానికని అత్తమ్మ పెట్టెలోంచి ఒక గాజుగిన్నె తీసింది. ఆమె పెళ్లికి వాళ్ల నాయన ఇచ్చినది. చేత్తో చెక్కిన గాజని చెప్పి ఇచ్చాడట.

మా తోటికోడలు దాన్ని చూసి, "గిసువంటివి ఆత్మకూరు సంతల కుప్పలు పోస్తరు. అచ్చుల పోసిందే గిది" అంది.

అత్తమ్మ ముఖం చిన్నబోయింది. పోయిన తండ్రి మాట నిజమా కాదా అన్నది ఆ గిన్నె మీదికి వచ్చింది. "నువ్వు చెప్పు పిల్లా. నీకు తెలుసంటివి గద" అని నా చేతికిచ్చింది.

బొటనవేలితో తడిమాను. అచ్చు గాజైతే నగిషీ గాడుల అంచులు అరిగిన సబ్బులా మొద్దుగా ఉంటాయి, పక్కన అతుకు గీత తెలుస్తుంది. ఇక్కడ అతుకు లేదు, అంచు వేలిని కొరికింది. అంతటితో ఆగితే నా మర్యాద నాకు మిగిలేది. ఊరుకోక ఎండకు పట్టాను. ప్రతి గాడిలోనూ వెంట్రుకల్లాంటి గీతలు.

"చెక్కిందే అత్తమ్మా, గని ఎవరో బూడిదేసి తోమి ఖరాబు జేసిండ్రు" అన్నాను.

"నేను తప్ప దాన్ని ముట్టినోళ్లు లేరు" అంది అత్తమ్మ మెల్లగా. "అంటే మా నాయన ఇచ్చింది నేనే చెడగొట్టిన్నా?"

"మంచిగ తెంపినవ్ చెల్లె పంచాయితీ" అని తోటికోడలు నవ్వింది.

అత్తమ్మ అన్నం ముట్టలేదు. నేను అంట్ల ముందు కూర్చుని రాగిచెంబు తోముతూ చూద్దును కదా, చెంబు మీద నా చెయ్యి పెట్టే గీతలు గుండ్రంగా, అడ్డదిడ్డంగా పోతున్నాయి. గిన్నెలోవి అట్లా లేవు. గాడి ఎటు పోతే అటే, తిన్నగా, దువ్వినట్టు ఉన్నాయి. చెయ్యి అట్లా పోదు. చెక్కినవాడు గిన్నెను చేత్తో పట్టి, తిరిగే చక్రానికి ఆనించి మెరుగు పెట్టినప్పుడు పడినవి అవి. చిన్నమ్మ ఈ మాట చెప్పే ఉంటుంది, నేను కునుకుతూ ఉండి ఉంటాను.

తడిచేతులతోనే చెంబు పట్టుకుని అత్తమ్మ దగ్గరికి పరుగెత్తి, ఆ తేడా చెప్పాను. అత్తమ్మ చెంబునూ గిన్నెనూ పక్కపక్కన పెట్టుకుని గీతలు పోల్చి చూసింది.

"అయితే మా నాయన అన్నది నిజమే."

"నిజమే అత్తమ్మా. నువ్వు చెడగొట్టింది గూడ ఏం లేదు."

పండుగనాడు ఆ గిన్నెలోనే షర్బతు కలిపింది. తోటికోడలితో మొదలుపెట్టి వచ్చినవాళ్లందరి బొటనవేళ్లూ గాడి అంచు మీద పెట్టించింది. నేనూ వేలు చాపబోతే గిన్నె అవతలికి జరిపింది.

"నీకు చూపెక్కువ పిల్లా. నువ్వు దూరంగుండి గ్లాసులందియ్యి."