పెద్దమ్మ కొన్న మగబూట్లు

మా పెద్దమ్మ కోపిష్టి మనిషి కాదు. ఆమె ఆఫీసులో చాలామంది ఇప్పటికీ కోపిష్టనే అనుకుంటారు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. బీమా కంపెనీలో ముందు కౌంటరు ఆమెది. ఇంటి యజమాని పోయి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక బిక్కమొహంతో వచ్చినవాళ్ళను ఇన్నేళ్ళుగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, చెప్పిందే పదిసార్లు చెప్పి పంపేది. ఒక్కరిమీదా గొంతు పెంచి ఎరగదు.

ఒక ఏడాది రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. వాళ్ళ వీధికి వచ్చే బస్సు, వంతెన మరమ్మతు పేరుతో ఆగిపోయింది. నడిచేవాళ్ళకు మాత్రం పక్కనుంచి దారి వదిలారు. ఆఫీసుకు కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చీరాగానే ముందు కౌంటరులో పనిచేసేవాళ్ళ కుర్చీలు తీయించేశాడు. నిలబడి మాట్లాడితే కంపెనీకి హుందాగా ఉంటుందట. ఆ వెంటనే నోటీసు బోర్డు మీద కాగితం అంటించాడు. కౌంటరులో పనిచేసే ఆడవాళ్ళు మడమ ఎత్తుగా ఉన్న నల్లబూట్లే వేసుకోవాలి. మగవాళ్ళకు మాత్రం 'శుభ్రమైన బూట్లు' అని రాసి ఊరుకున్నాడు.

పెద్దమ్మ ఎదురు చెప్పలేదు. ముందు కొసదేరి, వెనక ఎత్తుగా ఉన్న జత ఒకటి కొనుక్కుంది. వాటితో వంతెన దాటి, మార్కెట్టు వీధి ఎగుడుదిగుడు రాళ్ళ మీద నడిచి వెళ్ళి, రోజంతా నిలబడి, మళ్ళీ అదే దారిన వచ్చేది. సాయంత్రం గుమ్మంలోనే వాటిని విడిచి, గోడ పట్టుకుని లోపలికి వచ్చేది. చిటికెన వేళ్ళు బొబ్బలెక్కాయి. బొటనవేలి గోరు నల్లబడింది. పెదనాన్న గోరువెచ్చని నీళ్ళు బేసినులో పోసి తెచ్చి ముందు పెట్టేవాడు.

"దారిలో మామూలు చెప్పులేసుకుని, ఆఫీసుకెళ్ళాక అవి మార్చుకోరాదూ?" అన్నాడు ఒకరోజు.

"దారి సరేనండీ. రోజంతా నిలబడేది ఆఫీసులోనే కదా. అక్కడ ఏం మార్చుకోను?"

పెదనాన్న బేసినులో ఇంకాస్త వేడినీళ్ళు పోశాడు.

ఆదివారం బూట్ల దుకాణానికి పెద్దమ్మతో నేను వెళ్ళాను. పొద్దంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రమే వెళ్దామంది. నల్లగా ఉండాలి, వేళ్ళు ఇరుక్కోకూడదు, మడమ జారకూడదు, అడుగు మెత్తగా ఉండాలి. ఆమె అడిగింది ఇంతే. అమ్మే అతను ఒక్కొక్క పెట్టె తెచ్చి విప్పాడు. అన్నీ ముందుకు సన్నబడినవే. ఒకదాని మీద రాళ్ళ పువ్వు, ఇంకొకదానికి బంగారు రంగు బకిలు. ఒక జతలోకి కాలు దూరనే లేదు.

"వాడగా వాడగా సాగుతాయి మేడమ్," అన్నాడు.

"అవి సాగేలోపు నా వేళ్ళు ఏమవ్వాలి?"

"ఆడవాళ్ళవి ఇలాగే వస్తాయి మేడమ్. మీ పాదమే కొంచెం వెడల్పు."

అరికాలి మంట నెత్తికెక్కిందని అందరం ఊరికే అంటూంటాం. ఆ రోజు దాన్ని నేను కళ్ళారా చూశాను. పెద్దమ్మ లేచి, ఒంటికాలి మేజోడుతోనే దుకాణం అవతలి వైపుకు నడిచింది. అక్కడ మగవాళ్ళ బూట్లు వరసగా ఉన్నాయి. నల్లవి, సాదావి, ముందు గుండ్రంగా ఉన్నవి. చిన్న సైజు జత ఒకటి తీసి తొడుక్కుంది. లోపల వేళ్ళు కదిపి చూసుకుంది. దుకాణం ఆ చివరికి వెళ్ళి తిరిగొచ్చింది.

"అవి జెంట్స్‌వి మేడమ్," అన్నాడతను, ఆమె తెలియక వేసుకుందనుకుని.

"కాలికి ఆ సంగతి తెలియడం లేదు బాబూ. ఇవే ఇవ్వండి."

దారిపొడుగునా ఆమె ఒక్కటే మాట అంటూ వచ్చింది. "చూశావా, మెత్తటివి చేయడం రాక కాదు. చేస్తున్నారు. మనకు చేయడంలేదంతే."

ఆఫీసులో తర్వాత జరిగింది, కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి చెప్పగా విన్నాను. మేనేజరు మొదటిరోజే చూశాడు. మధ్యాహ్నం గదిలోకి పిలిపించాడు. ఏదో సంతకం ఉందని కొత్తమ్మాయి కూడా అక్కడే నిలబడి ఉందట.

"ఏంటి మేడమ్ ఇది? నోటీసు చదవలేదా?"

"చదివాను సార్. అవి వేసుకుని నడవలేకపోతున్నాను. ఇవి నల్లగానే ఉన్నాయి, శుభ్రంగానే ఉన్నాయి."

"ఇబ్బంది అందరికీ ఉంటుంది. కంపెనీ మర్యాద కోసం కొంచెం సర్దుకోవాలి."

అలా అంటూ సంతకం పెట్టబోయేసరికి ఆయన పెన్ను జారి బల్ల కిందికి దొర్లింది. అలవాటుకొద్దీ పెద్దమ్మ వంగింది. బల్ల కింద మేనేజరుగారి బూట్లు ఒక మూలన ఉన్నాయి. పాదాలు మాత్రం రబ్బరు చెప్పుల్లో హాయిగా ఉన్నాయి. ఇంటినుంచి కారులో వచ్చి, కుర్చీలోంచి లేవని మనిషి ఆయన.

పెద్దమ్మ లేచి పెన్ను బల్లమీద పెట్టింది.

"సర్దుకోవడమంటే ఇదా సార్? మీకు కూర్చున్నా నొప్పే, బూట్లు విప్పేసుకున్నారు. నడిచొచ్చి నిలబడేదాన్ని నేను. నాకు నొప్పుండకూడదా?"

ఆయన మొహం కందగడ్డయింది. కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. మర్నాడు పొద్దున పెద్దమ్మను కౌంటరునుంచి తీసి వెనక పాత ఫైళ్ళ గదిలో వేశాడు. కిటికీ లేని గది. మనుషులతో మాట్లాడి బతికిన మనిషికి దుమ్ము పట్టిన అట్టల మధ్య కుర్చీ వేశారు.

"పోనీలే, కూర్చోవడానికైనా దొరికింది," అన్నాడు పెదనాన్న, ఆమెను తేలికపరుద్దామని.

"కూర్చోబెట్టడానికి వేశాడా నన్నక్కడ? కనబడకుండా దాచాడు," అంది పెద్దమ్మ. ఆ పూట అన్నం కలిపి కూడా తినకుండా లేచిపోయింది.

ఆమె స్థానంలో కౌంటరుకు వచ్చింది ఆ కొత్తమ్మాయే. కొన్నాళ్ళకే మడమల మీద ప్లాస్టర్లు అంటించుకుని, భోజనాల వేళ ఫైళ్ళ గదికి వచ్చి తలుపు మూసింది.

"అక్కా, మీ బూట్లు ఎక్కడ కొన్నారు?"

పెద్దమ్మ ఆ సాయంత్రమే అమ్మాయిని దుకాణానికి తీసుకెళ్ళింది. అమ్మే అతను ఈసారి ఏమీ అడక్కుండా మగవాళ్ళ వరస దగ్గరికే దారి చూపించాడు. అది చూసి కౌంటరులోని మిగతా ఇద్దరాడవాళ్ళూ అవే కొన్నారు. ఒక సోమవారం ముగ్గురూ మెత్తటి నల్లబూట్లతో వరసగా నిలబడ్డారు. మేనేజరు వచ్చి, చూసి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ముగ్గురినీ ఫైళ్ళ గదికి పంపితే కౌంటరులో తనే నిలబడాలి.

నోటీసు చింపలేదు. దానిమీద ఎవరో క్యాలెండరు తగిలించారు, ఎవరూ తీయలేదు. నెల తిరక్కుండా మేనేజరు పెద్దమ్మను కౌంటరుకు రమ్మన్నాడు.

"నన్నెందుకు తీశారు సార్, ఇప్పుడెందుకు వేస్తున్నారు?" అని అడిగింది.

"ఆఫీసు అవసరాలు మేడమ్. అంతకంటే ఏం లేదు."

పొరపాటు జరిగిందన్న మాట ఆయన నోటినుంచి రాలేదు. కుర్చీలూ తిరిగి రాలేదు. పెద్దమ్మ కౌంటరుకు వెళ్ళింది కానీ ఆ మంట చల్లారలేదు. నల్లబడ్డ గోరు ఊడిపోయి, కొత్తది వంకరగా మొలిచింది.

రెండేళ్ళకు ఆయనకు పెద్ద హోదాతో బదిలీ అయింది. వీడ్కోలు సభలో అందరూ ఆయన క్రమశిక్షణను పొగిడారు. సీనియరు కదా, మీరూ రెండు మంచిమాటలు చెప్పండని పెద్దమ్మను బతిమాలారు.

"చెప్పాలంటే ఉన్నవే చెప్తాను. వద్దులెండి," అని సంచీ తీసుకుని లేచింది. టీ కప్పులు తెస్తున్న మనిషికి దారి ఇచ్చి, మెట్లు దిగి, ఇంటివైపు నడిచింది.