చేతులెత్తినా ఆగని పాట

మొన్న కడపలో మా తమ్ముడి మనవరాలు అరచేయంత పెట్టె ఒకటి బల్లమీద పెట్టి, నాలుగు స్వరాలు నొక్కి, చేతులు కట్టుకుని కూర్చుంది. సీక్వెన్సరట, నొక్కిన స్వరాలను గుర్తుపెట్టుకుని తానే వాయిస్తుందట. పాట ఆగలేదు! అది నాకు కొత్తేమీ కాదు. కానీ ఆ నాలుగు స్వరాలే కదా తిరిగి తిరిగి వస్తాయనుకుంటే, నాదం తనంతట తానే విచ్చుకుంటూ ముడుచుకుంటూ, ఒకసారి విన్నట్టు మరోసారి వినిపించకుండా పోతూంటే నాకు ఒళ్ళు జల్లుమంది. నాదాన్ని మార్చే నాబ్ ఎవరు తిప్పుతున్నారే అని అడిగాను. “ఎవురూ తిప్పల్యా అవ్వా, ఎల్.ఎఫ్.ఓ. అని లోపల ఒకటుండాది, నాబ్ తిప్పినట్టు అదే నాదాన్ని నిదానంగా ఊపుతా ఉంటాది” అంది, ఫ్యాను తిరుగుతోందన్నంత మామూలుగా. ఓరి దేవుడా! నేను ఏళ్ళ తరబడి ఎడమచేత్తో చేసిన పని అది.

పెళ్ళివిందులో ఆర్కెస్ట్రా లేకపోతే పరువు దక్కని కాలం మీకూ గుర్తుండే ఉంటుంది. మా మేనమామ ఆర్కెస్ట్రాలో నేను కీబోర్డు వాయించేదాన్ని. ఆడపిల్ల స్టేజీ ఎక్కడమేమిటని మొరాయించిన మా నాన్న, ఒక్కచోట మాట పడినా మళ్ళీ గడప దాటనివ్వనని చెప్పి మరీ పంపాడు. అందుకే ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకునేదాన్నో! మామ తెచ్చిన కొత్త కీబోర్డులో ఆర్పెజియేటర్ ఉండేది. మూడు మెట్లు, అదే కీలు, కలిపి నొక్కితే వాటిని ఒకదాని వెంట ఒకటిగా అదే పరుగులు పెట్టించేది, హోల్డ్ బటన్ వేస్తే చెయ్యి తీసినా ఆగేది కాదు. నేను కుడిచేత్తో మెట్లు మారుస్తూ, ఎడమచేత్తో నాబ్ తిప్పి ఆ నాదానికి పదునూ మెత్తదనమూ తెచ్చేదాన్ని.

వేంపల్లెలో ఒక పగటి విందులో, పాట మంచి ఊపులో ఉండగా, పైట జారుతోందని రెండు చేతులూ ఎత్తి సర్దుకున్నాను. అంతే! ముందు వరసలోంచి పెళ్ళికూతురి జేజి, అంటే వాళ్ళ నాయనమ్మ, దిగ్గున లేచింది. “ఏందప్పా ఇది! పాప చేతులెత్తేసినా పాట పాడతానే ఉండాది. క్యాసెట్టు ఏసి మోసం చేస్తాండారు!” విస్తళ్ళ ముందున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు. మామ మొహంలో నెత్తుటి చుక్క లేదు. నా కళ్ళ ముందు మా నాన్నే, మా ఇంటి గడపే. ఏం చెప్పినా నమ్మేలా లేరెవరూ.

ఏ తెగింపు వచ్చిందో, నేనే దిగి వెళ్ళి ఆ జేజి చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించి, ఆమె వేలు ఒక కొత్త మెట్టుమీద పెట్టించాను. పాట చటుక్కున ఆ స్వరాన్ని అందుకుని దారి మళ్ళింది. ఆమె ఉలిక్కిపడి వేలు తీసేసింది, పక్క మెట్టు నొక్కింది, మళ్ళీ మళ్ళింది. నోరు తెరిచి నాకేసి చూసి, “నేనేనా పాపా వాయిస్తాండేది?” అంది. నువ్వే జేజీ అన్నాను. ఇక ఆమెను స్టేజీ దింపడానికి పెళ్ళివారు పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మోసమన్న మాట అక్కడే మాసిపోయి, నా కీబోర్డు నాకు దక్కింది.

మొన్న నేనూ ఆ చిన్న పెట్టెమీద ఒక స్వరం నొక్కాను. అది నా స్వరాన్ని తీసుకుని, నేను కలలోనైనా ఊహించని దారిన సాగిపోయింది. బిత్తరపోయి, ఆ జేజి అడిగిన మాటే మనవరాలిని అడిగాను. “నువ్వో అదో, ఏదైతే ఏముండాదిలే అవ్వా, బాగుండాది గదా!” అంది.

బాగుంది, కాదనను. ఆనాడు ఆ జేజి లేచి నిలబడితే నా గుండె ఆగినంత పనైంది. ఇప్పుడేమో, అలా లేచి నిలబడి, వాయిస్తున్నదెవరని అడిగే మనిషి ఒక్కరైనా ఉంటే బాగుండుననిపిస్తోంది.