చూరు లేని ప్యాలెస్

హైదరాబాద్‌లో ఒక ఆర్కిటెక్చర్ కాలేజీలో ఏటా నేను చెప్పిన పాఠం ఒకటుంది. ఫ్లోరెన్స్ నగరంలో ఐదారు వందల ఏళ్ల కిందట వర్తకులు కట్టుకున్న ప్యాలెస్‌ల గురించి. కింది అంతస్తుకు ఎగుడుదిగుడు బండరాళ్లు, పైకి పోయేకొద్దీ నునుపు. లోపల స్తంభాల వసారా చుట్టిన నడిమి వాకిలి. వీధి గోడ వెంట, దారినపోయేవాళ్లు కూర్చోవడానికి రాతి అరుగు. అన్నిటికీ పైన, ముందుకు బాగా చొచ్చుకొచ్చిన చూరు. దాన్ని దర్పం కోసమే పెట్టారనుకుంటారు గానీ, వాన నీటిని గోడకు దూరంగా పడేసేది కూడా అదేనని బోర్డు మీద గీసి మరీ చూపించేదాన్ని.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చాక ఆ చదువును అడిగిన నాథుడు లేడు. రెండు వేల దశకం మొదట్లో మా ఆయన నగర శివారు టకానినిలో ఒక ఇల్లు చూశారు. ఇటాలియన్ ప్యాలెస్ స్టైల్ అని ఏజెంట్ చెప్పాడట. చెక్క ఫ్రేము మీద పల్చటి ప్లాస్టర్, గుమ్మానికి అటూ ఇటూ స్తంభాలు. తట్టి చూస్తే డొల్ల. ఈయన మాత్రం దిక్సూచి పట్టుకుని గదిగదీ తిరిగారు. గుమ్మం తూర్పున, వంటిల్లు ఆగ్నేయంలో. ఆయన మొహం వెలిగిపోయింది.

గుమ్మం ముందే నిలబడి చెప్పాను. "దీనికి చూరు లేదు. వానంతా గోడ మీదికే కొడ్తది. వద్దండి."

"నీ కాలేజీ పాఠాలు ఈడ నడ్వయి. కివీలకు ఇల్లు కట్టుడు తెల్వదా?"

గృహప్రవేశం నాడు పాలు పొంగించాం. వచ్చిన ఆంటీలందరూ ఆ స్తంభాల పక్కన ఫొటోలు దిగారు. నేను నవ్వుతూ కాఫీలు అందించాను, లోపల ఒళ్లు మండిపోతూనే ఉంది.

కొన్ని చలికాలాలు గడిచాక మా పాప గదిలో ముక్కవాసన మొదలైంది. పిల్లకు దగ్గు తగ్గేది కాదు. కిటికీ కింద గోడను నొక్కితే వేలు లోపలికి దిగింది. తనిఖీకి వచ్చిన కివీ గోడ కోసి, కుళ్లిన చెక్కను చూపించి, పైకప్పు కాస్త ముందుకొచ్చి ఉంటే ఇంతగా తడిసేది కాదన్నాడు. మా ఆయన చేతులు కట్టుకుని ప్రతి మాటకూ తలూపారు. నా మాట అంత శ్రద్ధగా విన్న రోజు ఒక్కటీ గుర్తు లేదు.

అతను వెళ్లగానే స్నేహితుడికి ఫోన్ చేశారు.

"చూడంగనే చెప్పిండన్నా. గీ ముక్క ముందుగాల ఎవరన్న చెప్పుంటే కొనకపోదుము."

నేను పక్కనే, పాప పరుపును ఎండలోకి ఈడుస్తున్నాను. ఆ ఎవరో ఒకరిలో నేను లెక్కకు రాలేదు.