మామ రొయ్యలూ నా ట్రైపాడూ

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఫోటో చెడిపోతే తప్పు సామానుది, బాగా వస్తే గొప్ప నాది. ఇరవై రెండేళ్ల వయసులో ఆ మాత్రం నమ్మకం లేకపోతే మనిషి అద్దంలో ముఖం చూసుకోలేడేమో. నెల్లూరులో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పనిచేసేవాణ్ణంటే కెమెరా పట్టుకునేవాణ్ణని మీరు అనుకునేరు. కాదు, లైటు పట్టుకునేవాణ్ణి. పెళ్లిళ్లలో స్టూడియో అన్న (యజమానిని అందరం అలాగే పిలిచేవాళ్లం) ఫోటోలు తీస్తుంటే, వెనకాల లైటు ఎత్తి నిలబడటం నా ఉద్యోగం. రెండేళ్లలో నేను సాధించిందల్లా కుడి భుజం కంటే ఎడమ భుజం కాస్త గట్టిపడటమే.

అలాంటి నాకు ఫోనులో వీడియోలు చూసీ చూసీ ఒక పిచ్చి పట్టుకుంది. మూతబడ్డ ఫ్యాక్టరీలు, పాత సినిమా హాళ్లు వెతుక్కుంటూ చీకట్లో వెళ్లి, కెమెరా షట్టర్‌ను నిమిషాల తరబడి తెరిచి ఉంచి ఫోటోలు తియ్యడం. అలా తీస్తే కదిలేవన్నీ పొగలా కరిగిపోతాయి, కదలనివి మాత్రం మిగులుతాయి, చుక్కలు గీతలవుతాయి. మా అమ్మకు ఒకటి చూపిస్తే, "పాడుబడ్డ గోడలకు ఫోటోలేందిరా? మన వంటింటి గోడ సున్నం చూసి నాలుగేళ్లాయె, దాన్ని తీసుకోకూడదా?" అంది. స్టూడియో అన్నకు చూపిస్తే నవ్వలేదు. "పెళ్లికూతురు లేని ఫోటో, ఈ గోడకు తగిలించదగ్గది ఒక్కటి తీసకరా. ఆ రోజునించి నీ చేతికి కెమెరా ఇస్తా. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోగా తేలేకపోతే మాత్రం ఈ సోది ఆపి లైటు పట్టుకో," అన్నాడు. నా జీవితం ఆ ఒక్క మేకు మీద వేలాడుతున్నట్టు అనిపించింది.

చోటు కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. ఇందుకూరుపేట అవతల, సముద్రానికి దగ్గరగా మా మామకు రొయ్యల గుంటలున్నాయి. వాటి పక్కనే ఎప్పుడో మూతబడ్డ హేచరీ ఒకటి ఉండేది, రొయ్య పిల్లల్ని పుట్టించే చోటన్నమాట. పైరేకులు గాలికి ఎగిరిపోయి, సిమెంటు తొట్లు వరసగా నోళ్లు తెరుచుకుని, వెనకాల సముద్రం. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిపాను కాబట్టి ప్రతి గోడా తెలుసు. మామ మోటారు షెడ్డు శ్లాబు ఎక్కితే మొత్తం కనిపిస్తుందని కూడా తెలుసు. (తెలియాల్సింది ఒకటి మాత్రం తెలియలేదు. అది తర్వాత.)

ఇక మిగిలింది సామాను. దానికి మూడు వారాలు పట్టింది. తేలిక ట్రైపాడా, బరువు ట్రైపాడా? తేలికదైతే కుక్కలు తరిమినప్పుడు భుజాన వేసుకుని పరుగెత్తొచ్చు. బరువుదైతే సముద్రపు గాలికి నిలుస్తుంది. వెడల్పు లెన్సు కావాలి. వేలు తగిలి కెమెరా కదలకుండా రిమోటు కావాలి. చీకటికి అలవాటుపడ్డ కళ్లు చెదరకుండా నెత్తికి ఎర్ర లైటు కావాలి. ఇవన్నీ నోటుపుస్తకంలో రాసుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకున్నాను. ఆడపిల్లకు సంబంధం చూసేవాళ్లు కూడా అన్ని వాకబులు చేసి ఉండరు. చివరికి తేలిక ట్రైపాడ్‌నే కొని, అన్న దగ్గర పాత కెమెరా అడిగి తీసుకుని, అమావాస్య దగ్గర్లో ఒక సాయంత్రం మామ ఇంట్లో దిగాను. నెత్తిన ఎర్ర లైటు చూసి మామ, "ఏందిరా అల్లుడా, లారీ వెనకమాల మాదిరి ఉండావే," అన్నాడు.

చీకటి పడ్డాక శ్లాబు ఎక్కాను. నాలుగు నిమిషాలు షట్టర్ తెరిచాను. ఫోటో చూస్తే హేచరీ గోడలు చలిజ్వరం వచ్చినట్టు వణికిపోయి ఉన్నాయి. తప్పు ఎవరిది? ట్రైపాడ్‌ది. మర్నాడే నెల్లూరు వెళ్లి, స్టూడియోలో వీడియో కెమెరాకు వాడే ఇనుప ట్రైపాడ్ బస్సులో వేసుకొచ్చాను. (కండక్టరు దానిక్కూడా టికెట్టు కొట్టాలా అని చాలాసేపు దాని వంక చూశాడు.) మళ్లీ వణుకు. ఈసారి తప్పు లెన్సుది. లెన్సు మార్చాను, వణుకు మారలేదు. రిమోటు మార్చాను. కెమెరాకు తువ్వాలు చుట్టాను. ట్రైపాడ్ కాళ్లకు ఇసుక మూటలు కట్టాను. ఇలా మూడు సాయంత్రాలు గడిచాయి. మాఘం తరుముకొస్తోంది, నా ఎడమ భుజం నన్ను చూసి జాలిపడుతోంది.

నాలుగో సాయంత్రం మామ రెండు గ్లాసులు టీ తీసుకుని మెట్లెక్కి వచ్చాడు. నా గ్లాసు శ్లాబు మీద పెట్టి, తన టీ తాగుతూ కూర్చున్నాడు. నేను ఫోటోల కష్టం మొత్తం చెప్పుకున్నాను. లెన్సు గురించి చెబుతుంటే ఆపి, "ఆ టీ చూడు," అన్నాడు.

చూశాను. గ్లాసులో టీ సన్నగా వణుకుతోంది, సున్నా లోపల సున్నాగా.

"కింద జనరేటరు ఆడతా ఉంటే, దాని నెత్తిన కూసోని గోడలు వణకతా ఉండాయంటావేందిరా?"

అవును. మోటారు షెడ్డులో జనరేటరు. గుంటల్లో చక్రాలు తిప్పి, నీళ్లు చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లకు కరెంటిచ్చేది అదే. సాయంత్రమైతే లైను కరెంటు చాలదని రోజూ అదే ఆడేది. కిలోమీటరు దూరానికి వినిపించే ఆ చప్పుడు నాకు వినిపించలేదంటే మీరు నమ్మరు. కానీ చిన్నప్పటినుంచీ ఆ చప్పుడులో నిద్రపోయినవాణ్ణి. ఆ గుంటల గట్ల మీద పెరిగిన ఎవరికైనా అది ఆగిపోతేనే మెలకువ వస్తుంది. ఊరికి కొత్తవాడైతే మొదటి నిమిషంలోనే కనిపెట్టేవాడు.

"మామా, నాలుగు నిమిషాలు ఆపవా?" అన్నాను.

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "నీ ఫోటో కోసం నా రొయ్యలు ఊపిరాడక చావాల్నా? ఇంకో పద్దినాలకు పట్టుబడి ఉండాది. ఈ పంట పోతే నేను మీ స్టూడియోలో లైటు పట్టుకోవాల," అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. నేను తలవంచుకుని ఇసుక మూటలు విప్పడం మొదలుపెట్టాను. ఆ విప్పడం చూసి మనసు కరిగిందో ఏమో, "తెల్లారుజామునైతే అర నిమిషం కూడా ఆపను. ఇప్పుడైతే పగటి ఎండకు నీళ్లలో ఇంకా గాలి ఉంటాది. నాలుగు నిమిషాలు. అయిదో నిమిషం నువ్వు ఏడ్చినా ఆగను," అన్నాడు.

ఈ సంగతి తెలిసి అత్త గుంట గట్టు మీదికి వచ్చి నిలబడింది. మా అత్త ప్రార్థన చెయ్యకుండా బస్సు కూడా ఎక్కదు. మామ మా చర్చి సంఘంలో పెద్ద. ఆదివారం ఆమెన్ అనకముందే చెప్పులు వెతుక్కునేవాళ్లను పేరు పెట్టి మందలించే మనిషి. మామ జనరేటరు ఆపాడు. గట్ల మీది బల్బులు ఆరిపోయాయి, చెవుల్లో పత్తి పెట్టినట్టు నిశ్శబ్దం. నేను షట్టర్ తెరిచాను. సరిగ్గా అప్పుడే గట్టు మీదినుంచి అత్త గొంతు, "ప్రేమగల మా పరలోకపు తండ్రీ, నీకు వందనాలు..."

తలలు వంగిపోయాయి, నాదీ, కింద స్విచ్చి మీద చెయ్యేసి ఉన్న మామదీ. అత్త మొదట రొయ్యల కోసం ప్రార్థించింది. తర్వాత మూడు గుంటలకూ విడివిడిగా. తర్వాత వానల కోసం, పాస్టరు గారి మోకాలి నొప్పి కోసం. నాలుగు నిమిషాలు దాటిందని నాకు తెలుస్తోంది. షట్టర్ మూద్దామంటే రిమోటు వెతుక్కోవడానికి కళ్లు తెరవాలి. ప్రార్థనలో కళ్లు తెరిచినవాణ్ణి దేవుడు క్షమిస్తాడేమో గానీ మా అత్త క్షమించదు. కింద మామ దగ్గాడు, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. అత్త దగ్గుకోసం కూడా ప్రార్థించింది. ఎంతకీ తెమలదే అని నేను లోపల పళ్లు నూరుకున్నాను. చివరికి ఆమెన్ వచ్చింది. నేను షట్టర్ మూశాను, మామ స్విచ్చి నొక్కాడు. జనరేటరు గొణిగింది, ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారి అందుకుంది. మామ ఒక్క పరుగున వెళ్లి, మేత చూసే జల్లెడ నీళ్లలోంచి ఎత్తి టార్చి వేశాడు. రొయ్యలు చిటపటా ఎగురుతున్నాయి. "బతికుండాయి," అని గట్టు మీదే కూర్చుండిపోయాడు.

తర్వాతే కెమెరా చూశాను. తొమ్మిది నిమిషాలు. నేను లెక్కేసిన నాలుగు నిమిషాలకే మూసి ఉంటే, గట్టు బల్బులు కూడా లేని ఆ చీకటికి నల్లటి అట్టముక్క వచ్చేది. ఇప్పుడు గోడలు స్థిరంగా, తొట్లు వరసగా, వెనకాల సముద్రం పాలపొగలా, పైన చుక్కలు వంపు గీతలుగా ఉన్నాయి. గట్టు మీద ఒక నీడ, కొంగు కప్పుకుని, తల వంచుకుని. ఫోటోను స్టూడియో అన్న చాలాసేపు చూసి, "ఈమె ఎవురు? అంతసేపు కదలకుండా ఎట్టా నిలబడిందిరా? మన పెళ్లికూతుర్లు తొమ్మిది సెకన్లు నిలబడరే," అన్నాడు. మేకు ఆయనే కొట్టాడు. మాఘమాసంలో మొదటి పెళ్లికి లైటు వేరే ఎవరో పట్టుకున్నారు.

పంట బాగా వచ్చిందని మామ ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాడు. సంఘమంతా వచ్చింది. మామ సాక్ష్యం చెప్పడానికి లేచి, "ఈ పంటలో దేవుడు మమ్మల్ని మూడు ఆపదల్లోనించి తప్పించినాడు. ఒకటి తెల్లమచ్చ తెగులు, రెండు తుపాను, మూడు మా అల్లుడి కెమెరా," అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. భోజనాల దగ్గర వడ్డిస్తున్న అత్తను అడిగాను, "అంత పొడుగు ప్రార్థన ఏందత్తా ఆ రోజు?" అని. అత్త నా విస్తట్లో ఇంకో గరిటె పులుసు పోసి, "రొయ్యలది రెండు నిమిషాల్లో అయిపాయె అబ్బయ్యా. మిగిలింది చానావరకు నీకోసమే కదా. ఈ బిడ్డకి ఆ పని చేతికి రానియ్యి అని. నువ్వు విన్లా?" అంది.

వినలేదు. జనరేటరు చప్పుడులాగే, అలవాటైన గొంతు కదా, చెవిని దాటి వెళ్లిపోయింది. పళ్లు నూరుకుంటూ నిలబడ్డ ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది, గాలికి కదలని ట్రైపాడ్ ఉంది, సెకన్లు లెక్కపెట్టే రిమోటు ఉంది. అయినా చీకట్లో షట్టర్ తెరిచినప్పుడల్లా ముందు నేలమీద టీ గ్లాసు పెట్టి చూస్తాను. తర్వాత రిమోటు అంకెలు వదిలేసి, తల వంచుకుని, ఆ తొమ్మిది నిమిషాలు నాకిచ్చిన మనుషుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటాను. అవి అయ్యి, ఆమెన్ అనుకున్నాకే షట్టర్ మూస్తాను.